మా పల్లె మైకు సెట్టు

మా పల్లెలోకి కరెంటు రాకముందే నేను కరెంటు పని నేర్చుకున్నాను. ఊళ్ళో వీధి దీపాలు వెలిగేవి. బడి దాటి చెరువుకట్ట దిగితే మాదిగపల్లె. అక్కడిదాకా స్తంభాలు రాలేదు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి 1978లో నరసరావుపేటలో వొక మైకు సెట్ల షాపులో చేరాను. పని నేర్చుకోడానికి కాదు, మొయ్యడానికి. గొట్టాలు, స్టాండ్లు, వైరు చుట్టలు, ఆంప్లిఫయరు పెట్టె. పెట్టె అంటే ఇప్పటి పెట్టెలనుకోవద్దు. లోపల ఇనప ట్రాన్స్‌ఫార్మర్లు, గాజు వాల్వులు. అప్పటికే ట్రాన్సిస్టరు సెట్లు దిగినయ్ గానీ మా షాపాయన పాత వాల్వు సెట్లు వొదల్లేదు. వాటితో నా భుజం కాయలు కాసింది.

పెళ్ళిళ్ళకి పోతే ఆ పెట్టె లోగిట్లో అరుగు మీద ఉండాలి. బస్టాండు నుంచి నేనే మోసేవాణ్ణి. గుమ్మం బయట దించేవాణ్ణి. అక్కణ్ణించి అరుగు మీదకి షాపాయన కొడుకు ఎత్తేవాడు. నాలుగడుగులు. ఆ నాలుగడుగులు నేను వెయ్యకూడదు. రాత్రి పూట సెట్టు గుయ్‌మని మొరాయిస్తే మాత్రం "ఆ పల్లె కుర్రాణ్ణి పిలవండ్రా" అని వాళ్ళే అరుగెక్కించేవాళ్ళు. నేను బాగుచేసి దిగాక అరుగు మీద నీళ్ళు కొట్టేవాళ్ళు. పెట్టె మీద కొట్టేవాళ్ళు కాదు. కరెంటు సామాను గదా.

కోటప్పకొండ తిరనాళ్ళకి ఇంకో రకం. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలొస్తయ్. వెదుళ్ళు, చెక్కలు కట్టి, రంగులైట్లు తగిలించి, తాటిచెట్టు కన్నా ఎత్తున లేపుతారు. దాని నెత్తి మీదికెక్కి గొట్టం కట్టేది మా బోటివాళ్ళం. కింద పడితే చచ్చేదీ మేమే. ప్రభ మీద పేరు ఊరిది. తిరనాళ్ళంటే నాకిప్పటికీ కొండా గుడీ కాదు, అరికాళ్ళ కింద ఊగే వెదురే గుర్తొస్తది.

మా షాపులో రిపేరు చేసేది వొక సాయిబుగారు. ఉస్తాదు అనేవాణ్ణి. ఆయన నన్ను బేటా అనేవాడు. టీ తెప్పిస్తే ఆయన గ్లాసూ నా గ్లాసూ వొకటే బల్ల మీద పెట్టేవాడు. ఇదేం పెద్ద సంగతి అనుకునేవాళ్ళకి చెప్తున్నా. అప్పుడు మా ఊరి హోటల్లో మా గ్లాసులు చూరులో విడిగా ఉండేవి, మేమే కడుక్కుని పెట్టాలి.

ఉస్తాదు దగ్గర నేను మొదట నేర్చుకుంది పాట రావడం కాదు, చావకుండా ఉండడం. వాల్వు సెట్టులో చావు ఎక్కడుందంటే పవర్ సప్లయిలో. వాల్వు పనిచెయ్యాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. హెచ్‌టీ అనేవాళ్ళం. చిన్న సెట్టుకి 250, 300 చాలు. 807 వాల్వులు జంటగా వేసిన పెద్ద సెట్టుకి 600 దాకా కావాలి. ఆ వాల్వుకి ఆనోడు నెత్తిన ఉంటది, చిన్న టోపీ లాగ. పొరపాటున చెయ్యి తగిలితే అంతే సంగతులు.

ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది ఏసీ. దాన్ని రెక్టిఫయరు వొక దిక్కుకి తిప్పుతది. అయినా అది సాఫీగా రాదు, సెకనుకి వందసార్లు ఉబికి ఉబికి వస్తది. ఆ ఉబుకుల్ని అట్లాగే వాల్వుకి పెడితే గొట్టంలోంచి గుయ్‌మని మోత తప్ప మనిషి మాట రాదు. అందుకని మధ్యలో కండెన్సర్లు పెడతారు. పుస్తకాల్లో కెపాసిటర్ అంటారు, షాపులో మాకు కండెన్సరే. ఉబికినప్పుడు నిండుతది, తగ్గినప్పుడు వొంపుతది. ఊట తక్కువ బావి పక్కన తొట్టి కట్టుకున్నట్టు.

చిక్కెక్కడంటే, ఈ ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు లోపల అల్యూమినియం రేకు మీద కంటికి కనపడనంత సన్నటి ఆక్సైడు పొర ఉంటది. అడ్డమంతా ఆ పొరే. మామూలుగా అంగట్లో దొరికేవి 450 వోల్టుల దాకా ఆగుతయ్. 500వి అరుదు. అంతకు మించి చెయ్యడం కంపెనీలకే కష్టం. మరి 600 పైన ఉన్న సెట్టుకి ఏం చెయ్యాలి? నూనె కండెన్సర్లు ఉంటయ్ గానీ అవి మెడ్రాసు రిచీ స్ట్రీటులోనో, హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోనో వెతుక్కోవాలి. బరువు, ధర, రెండూ ఎక్కువే. అందుకని రెండు 450 వాటిని సిరీస్‌లో కడతారు. వొకదాని ప్లస్సు హెచ్‌టీకి, దాని మైనస్సు రెండోదాని ప్లస్సుకి, రెండోదాని మైనస్సు ఛాసిస్‌కి. రెండూ కలిసి 900 ఆపుతయ్. అయితే కెపాసిటీ సగానికి పడిపోద్ది. 32 మైక్రోఫారడ్‌వి రెండు కడితే పదహారే. మళ్ళీ 32 కావాలంటే నాలుగు కొనాలి. బీదవాడికి ఏదైనా నాలుగింతలే పడుద్ది అనేవాడు ఉస్తాదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది ఇంకోటుంది. "సగం సగం పంచుకుంటయ్ అనుకుంటాం బేటా. కాయితం మీద పంచుకుంటయ్" అనేవాడాయన. స్విచ్చి వేసిన క్షణంలో వోల్టేజి పంపకం కెపాసిటీని బట్టి జరుగుతది. రెండిటి మీదా 32 అనే రాసుంటది. లోపల వొకటి 26, వొకటి 38 ఉండొచ్చు. అప్పుడు 636 వోల్టుల్లో చిన్నదాని మీద 378 పడుద్ది, పెద్దదాని మీద 258. తర్వాత్తర్వాత పంపకం లీకేజీని బట్టి మారిపోద్ది. ఏ కండెన్సరూ పూర్తిగా ఆపదు, కొద్దిగా కారుతది. రెండూ వొకే వరసలో ఉన్నయ్ గనక రెండిట్లోంచీ వొకే కరెంటు పోవాలి. ఎక్కువ కారేది తక్కువ వోల్టేజితో తప్పుకుంటది. తక్కువ కారే గట్టిదాని మీద మిగతా బరువంతా పడుద్ది. మోసి మోసి అదే ముందు పేలుద్ది. అది పేలి షార్టయితే మొత్తం రెండోదాని నెత్తికొస్తది. అదీ పోద్ది.

దీనికి మందు చాలా చవక. రెండు రెసిస్టర్లు. వొక్కో కండెన్సరుకి అడ్డంగా సమానమైన రెసిస్టరు కట్టాలి. 220 కిలో ఓములు, రెండు వాట్లు. ఎరుపు, ఎరుపు, పసుపు. 320 వోల్టుల దగ్గర దాంట్లోంచి వొకటిన్నర మిల్లీ ఆంపియరు పోద్ది. కండెన్సరు లీకేజీ కన్నా ఇది చాలా రెట్లు ఎక్కువ ఉంటది గనక పంపకం ఇక రెసిస్టర్లదే. కారేదాన్నీ, కారనిదాన్నీ సగం దగ్గరే నిలబెడతయ్. అరవాటు కాలేది రెండు వాట్లది ఎందుకంటే, చిన్న రెసిస్టరు అంత వోల్టేజికి తట్టుకోదు. మరి వేడి కూడా పక్కనున్న కండెన్సరుకి తగలగూడదు. ఇంకో లాభం, సెట్టు ఆపాక కండెన్సర్లలో మిగిలిన కరెంటుని ఇవే నెమ్మదిగా ఖాళీ చేస్తయ్.

వర్గీకరణ మీద వాదించుకునే తమ్ముళ్ళు ఈ మాట వినగానే నవ్వుతారని తెలుసు. 1994లో దండోరా మొదలైనప్పుడు నేను కూడా మీటింగుల్లో ఈ పోలిక చెప్పాను. అందరికీ కలిపి ఇస్తే వాళ్ళలో వాళ్ళే సగం సగం పంచుకుంటారనేది కాయితం మీది లెక్క అని. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చినప్పుడు వొక కుర్రాడు ఫోను చేసి "అన్నా, నీ రెసిస్టరు కట్టారు" అన్నాడు. కానీ పోలిక అంతవరకే. కండెన్సర్లలో ఎక్కువ వాటా పడ్డదే ముందు పేలుద్ది. మనుషుల్లో ఎక్కువ వాటా దక్కినవాళ్ళు పేలినట్టు నేనెక్కడా చూళ్ళేదు.

1985 జులై 17న కారంచేడు జరిగింది. మా పల్లెలో అప్పటిదాకా అంబేద్కర్ ఫోటో వొక్క ఇంట్లోనూ లేదు. ఆ ఏడాది ఆఖరుకి మూడిళ్ళలో ఉంది. చీరాల శిబిరానికి పోయొచ్చిన కుర్రాళ్ళు తెచ్చారు. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు చేస్తారు, బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని, కన్నమదాసు మాలాయన సేనాని అయ్యాడని మైకుల్లో గొప్పగా చెప్తారు. ఆ మైకులు కట్టిన చేతులతోటే నేను అడిగేవాణ్ణి, తిరిగొచ్చాక మా ఊళ్ళో మా చాప ఎక్కడ వెయ్యాలి అని. జవాబు చెప్పినోడు లేడు.

1991 ఏప్రిల్ 14కి అంబేద్కర్ పుట్టి నూరేళ్ళు. పల్లెలో జయంతి చెయ్యాలనుకున్నాం. పందిరి, ఫోటో, నలుగురు మాట్లాడేవాళ్ళు, పాటలు. మైకు కావాలి. ఊళ్ళో మైకు సెట్టాయన "మీ పల్లెకివ్వను, నాకు ఊళ్ళో గిరాకీ ఉండొద్దా" అన్నాడు. నేను పదమూడేళ్ళు మోసిన షాపాయన కూడా అదే అన్నాడు, ఇంకొంచెం మెత్తగా. "సెట్టు తిరిగొస్తదని ఏంట్రా గ్యారంటీ? ఆ ఊరోళ్ళు పగలగొడితే ఎవడిస్తాడు?" అని. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ భయం మాకూ ఉంది. కానీ ఆయనకి సెట్టు గురించి, మాకు మనుషుల గురించి.

మా పల్లె చర్చిలో వొక పాత వాల్వు సెట్టు ఉంది. మిషను వాళ్ళ కాలంలో వచ్చింది, ఏళ్ళ తరబడి మూలన పడుంది. దాని మీద పాటల పుస్తకాలు పెట్టుకునేవాళ్ళు. దాన్ని గోనెసంచిలో చుట్టి సైకిలు మీద ఉస్తాదు ఇంటికి తీసకపోయాను. షాపుకి కాదు, ఇంటికి. ఆదివారం పూట.

మూత తీస్తే జబ్బు కంటికే కనపడింది. ఎవరో మహానుభావుడు అంతకు ముందే రెండు కండెన్సర్లు సిరీస్‌లో కట్టాడు, రెసిస్టర్లు మాత్రం కట్టలేదు. పైదానికి పొట్ట పగిలి తెల్లగా ఉప్పు పూసి ఉంది. కిందది షార్టు. ఆ దెబ్బకి రెక్టిఫయరు వాల్వు పోయింది. 807లు రెండూ బతికున్నయ్. ట్రాన్స్‌ఫార్మరు బతికుంది, అదే మా అదృష్టం. దాన్ని చుట్టించాలంటే పల్లెంతా తాకట్టు పెట్టినా చాలదు.

రెక్టిఫయరు వాల్వు దొరకలేదు. బీవై 127 డయోడ్లు వేద్దామన్నాడు ఉస్తాదు. ఆయనే కాయితం మీద లెక్క వేసి చూపించాడు. ట్రాన్స్‌ఫార్మరు 450-0-450. దాన్ని 1.414తో హెచ్చిస్తే 636. డయోడు మీద ఎదురు వోల్టేజి దానికి రెట్టింపు, 1272. బీవై 127 ఆపేది 1250. అంచు మీద పెట్టకూడదు, పక్కకి రెండేసి చొప్పున నాలుగు వేశాం. డయోడ్లకి వేడెక్కే పని లేదు. స్విచ్చి వేసీ వెయ్యగానే, ఇంకా 807లు కరెంటు తాగడం మొదలుపెట్టకముందే, మొత్తం 636 కండెన్సర్ల మీద కూచుంటది. అది కూడా లైను 230 ఉంటేనే. మా వైపు అర్ధరాత్రి పొలాల్లో మోటార్లు ఆగినయ్యంటే 260 దాకా లేస్తది. అప్పుడు 719. 450 కండెన్సరు వొక్కటి ఏ మూలకి?

నాలుగు కండెన్సర్లు, నాలుగు డయోడ్లు, రెండు రెసిస్టర్లు. డబ్బులు ఆడవాళ్ళవి. అప్పుడు మిరపకాయ కోతలు. మాయమ్మా, ఇంకో పదిమందీ తలా వొక పూట కూలి ఇచ్చారు. ఎందుకో చెప్తే ఇచ్చారు, ఏం కొంటున్నామో అడగలేదు.

ఇక పై కండెన్సరు సంగతి. ఈ డబ్బా కండెన్సర్లకి బయటి అల్యూమినియం డబ్బాయే మైనస్సు. కిందదాని డబ్బా ఛాసిస్‌కి తగిలి ఉంటది, దాన్ని ఎన్నిసార్లయినా ముట్టుకోవచ్చు. పైదాని డబ్బా మాత్రం భూమికి 320 వోల్టులు ఎత్తున ఉంటది. చూడ్డానికి రెండూ వొకటే. పైదాన్ని ముట్టుకుంటే చస్తాం. కాబట్టి దాన్ని ఛాసిస్‌కి తగలకుండా విడిగా కూచోబెట్టి, పైన స్లీవు తొడిగి, ఎవరి చెయ్యీ తగలకుండా చెయ్యాలి. ఇది వింటూ మాయయ్య చాలాసేపు నవ్వాడు. "అంటరానిది పైనుందన్నమాట" అన్నాడు.

మాయయ్య ఆ రోజు నాతోపాటు వచ్చాడు. అడుగున వెయ్యడానికి తోలు వాషర్లు కోసిస్తానన్నాడు, ఆరె, రంపె సంచిలో తెచ్చుకున్నాడు. ఉస్తాదు తోలు వొద్దన్నాడు. ఎండాకాలం బాగానే ఉంటది, వానాకాలం తేమ పీలిస్తే దాంట్లోంచే కరెంటు పాకుద్దని. హైలం షీటు ముక్క ఇచ్చాడు. మాయయ్య ఆ ముక్క మీద రంపెతో గుండ్రంగా గీరి గీరి, వాషర్లు తెగేదాకా గంటసేపు కూచున్నాడు. చెప్పు అట్ట కోసినంత నున్నగా వచ్చినయ్ అంచులు. ఉస్తాదు వాటిని వేలితో తడిమి చూసి "ఇది మా మిషను కూడా కొయ్యదు భాయ్" అన్నాడు. మాయయ్యని భాయ్ అన్న పేటాయన కూడా ఆయనే మొదలు.

టంకాలయ్యాక వెంటనే కరెంటు ఇవ్వలేదు. వంద వాట్ల బల్బుని సిరీస్ బోర్డులో పెట్టి దాని ద్వారా ఇచ్చాం. షార్టుంటే బల్బు భగ్గున వెలిగి అట్లాగే ఉంటది, సామాను కాలదు. బల్బు వొక్కసారి వెలిగి మసకబారింది. అరగంట అట్లాగే వొదిలేశాం, కొత్త కండెన్సర్ల పొర సర్దుకోడానికి. తర్వాత బల్బు తీసేసి నేరుగా ఇచ్చి మీటరు పెడితే పైదాని మీద 322, కిందదాని మీద 316. నాకు చూపించడానికని ఆపి, రెసిస్టర్లు విప్పి, మళ్ళీ పెట్టాడు. కాసేపటికి 371, 267. ఇంకా పైకి పాకుతూనే ఉంది. ఆపేసి రెసిస్టర్లు మళ్ళీ కట్టేశాడు. ఆరేడు మాటల్లో చెప్పే దాన్ని కళ్ళతో చూపించడం ఆయన పద్ధతి. స్విచ్చి ఆపాక కూడా చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. వొక్కో పక్క 64 మైక్రోఫారడ్లు, 220 కిలో ఓములు. 320 నుంచి 16 వోల్టులకి దిగడానికి నలభై రెండు సెకన్లు. అంకెలు నోటితో లెక్కపెట్టించేవాడు.

ఏప్రిల్ 14 రాత్రి మా పల్లె వేపచెట్టుకి రెండు గొట్టాలు కట్టాం. వొకటి పల్లెకి, వొకటి ఊరి వైపు. ఊరి వైపు కట్టొద్దని పెద్దోళ్ళన్నారు. కుర్రాళ్ళు వినలేదు. బయట నుంచి వచ్చిన నాయకులు మాట్లాడారు, బాగానే మాట్లాడారు. తర్వాత ఎవరో మాయయ్యని మాట్లాడమన్నారు.

మాయయ్య ముప్పై ఏళ్ళు ఊరి చాటింపు వేశాడు. శిస్తు కట్టమని, చెరువు తూము ఎత్తుతున్నారని, ఫలానా గొడ్డు తప్పిపోయిందని. డప్పు మీద మూడు దెబ్బలు, తర్వాత వాళ్ళు చెప్పమన్న మాట. తన మాట వొక్కటి కూడా ఎప్పుడూ ఊరికి చెప్పలేదు. మైకు ముందుకొచ్చి డప్పు లేకపోతే మాట రాదన్నట్టు నిలబడ్డాడు. తర్వాత అలవాటుగా మొదలుపెట్టాడు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపట్నించి ఈ ఊరికి నేను చాటింపు వెయ్యను. సచ్చిన గొడ్డు ఎత్తను. నా కొడుకెత్తడు. పంచాయితీకి మైకుంది, చెప్పుకోవచ్చు" అన్నాడు. అని దిగిపోయాడు. నాతో కూడా ముందు అనలేదు.

ఆ మాట గొట్టంలోంచి చెరువు దాటి పోయింది. నేను వాల్వుల వైపు చూస్తూ కూచున్నాను. పదకొండు దాటాక మోటార్లు ఆగినట్టున్నయ్, వాల్వుల వెలుగు పెరిగింది. కండెన్సర్ల మీద అప్పుడెంత ఉందో మీటరు పెట్టి చూడలేదు. సెట్టు తెల్లారిందాకా పాడింది.

మర్నాటి నుంచి మా ఇంటికి కళ్ళంలో మేర ఆగింది. పొలం గట్ల మీద దారి ఆగింది. ఆ సంవత్సరం ఊరు పల్లెకి కూలి పని పిలవలేదు. ఆడవాళ్ళు తొడిమలు తియ్యడానికి గుంటూరు మిర్చి యార్డు దారి పట్టారు, మగవాళ్ళు మాచర్ల వైపు రాళ్ళ పనికి పోయారు. మాయమ్మ మాయయ్యని వారం రోజులు తిట్టింది. ఆయన డప్పుని దూలానికి తగిలించాడు, దించలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని చంపారు. నరసరావుపేటలో ఖండన సభకి ఎవరి మైకూ అడక్కుండా మా సెట్టే తీసకపోయాం. ఆ కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వొదిలేసింది. ఆ రెండిటి మధ్యలో మా సెట్టుకి నేను కండెన్సర్లు వొకసారి మార్చాను.

షాపాయన నన్ను తీసేశాడు. వొక రకంగా మేలే చేశాడు. చిన్న గది అద్దెకి తీసుకుని రేడియోలు, టేపురికార్డర్లు, తర్వాత టీవీలు బాగుచేశాను. నా పిల్లలు చదువుకున్నారు. మాయయ్య 2003లో పోయాడు, ఉస్తాదు అంతకు రెండేళ్ళు ముందు. ఆయన జనాజాకి మాయయ్య వచ్చి వెనక వరసలో నడిచాడు.

ఇప్పుడు వాల్వు సెట్లకి మళ్ళీ రోజులొచ్చినయ్. మోసేవాళ్ళకి కాదు, వినేవాళ్ళకి. హైదరాబాదు నుంచి కార్లలో వస్తారు, వెచ్చటి శబ్దం అంటారు. నేను వాదించను, నాకు ఆ సెట్లంటే భుజం నొప్పే గుర్తొస్తది. మొన్న వొకాయన పెద్ద వాల్వు ఆంప్లిఫయరు తెచ్చాడు, ఎవరో కొత్తగా కట్టిచ్చింది. హమ్మింగు వస్తుందన్నాడు. గదిలోకొచ్చి కూచుని మంచినీళ్ళు తాగాడు, తర్వాత మీదే ఊరు, ఇంటి పేరేంటి అని అడిగాడు. రెండూ చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ బయట కారు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ప్లగ్గు పీకి, నలభై రెండు అంకెలు లెక్కపెట్టి, మూత తీసి ముందు మీటరు పెట్టాను. ఇంకా రెండొందల పైన చూపిస్తోంది. రెండు కండెన్సర్లు సిరీస్‌లో ఉన్నయ్, వొక్క రెసిస్టరు లేదు. పైదాని డబ్బాకి స్లీవు కూడా లేదు. కండెన్సర్లు ఖాళీ చేసి, ఎరుపు ఎరుపు పసుపువి రెండు కట్టి, స్లీవు తొడిగి పంపాను.